పరిగె

దేవసహాయం అయ్యగారు గొట్టంలోంచి కాగితం తీసి
నా బల్ల మీద పరిచినాడు.
చుట్టుకుపోకుండా నాలుగు మూలలా
నాలుగు అద్దం ముక్కలు బరువు పెట్టినాను.
"మన చిత్తూరు మిషనాసుపత్రి గుడి కిటికీకని
నూట ముప్పై ఏండ్ల కింద సీమలో గీయించిన నమూనా, వలీ.
గాజు రాలేదు. ఓడ మునిగిందో, డబ్బు మునిగిందో.
ఇది మాత్రం బీరువాలో ఉండిపోయింది."

నీటిరంగులు.
చేలో ఒంగిన ఆడమనిషి. రూతు అంట.
కొంగ మెడ. అలిగిన పెదవులు.
జుట్టు చూస్తే, అబ్బా,
ఎండుమిరప కల్లంలో నిప్పు పడినట్టు.
రాఫెల్ కంటే ముందటి రంగులే నిజమని
మొండికేసిన కుర్రోళ్ల జట్టు ఒకటుండేదంట,
ఇది వాళ్ల పోకడని అయ్యగారు చెప్తా ఉంటే
నేను వేరేది చూస్తా ఉన్నాను:
బొమ్మ మీద నల్లగా, వేలంత లావున
సీసం గీతలు.

అద్దాలు కోసేవాడికే తెలుస్తుంది.
గీసినాయనకు
ఆమె యాడ పగలాలో ముందే తెలుసు.
మోచేతి కాడ ఒకటి, గవద కింద ఒకటి,
పైట మడతలో దాచిపెట్టి ఒకటి.
పగుళ్ల మీదనే మనిషిని నిలబెట్టినాడు.

"ఏం చేస్తా ఉంది ఈమె?"
"కోత అయినాక మిగిలిన కంకులు ఏరుకుంటా ఉంది."
పరిగె.
ఆ మాట నాకెవరూ చెప్పక్కర్లా.
చెనక్కాయ పీకినాక, రెడ్డి సరేనన్నాక,
పొద్దు గుంకేదాకా మాయమ్మ
విరిగిన గుణపంతో మన్ను తవ్వేది.
ఎనకాలే నడిచి ఆమె ఒళ్లో పడిన కాయలు
నేను లెక్కపెట్టేవాణ్ణి.
మూడొందలు దాటితే నాకు అంకెలు రావు.

సంఘం కాడ ఉండేది పదకొండు వేలు.
మదరాసు రంగు గాజు కొంటే
ఆమె పాదాలకు కూడా చాలదు.
నేనూ పరిగెకు పోయినాను.
గ్రీమ్స్‌పేటలో పడగొడతా ఉండే మేడ వెంటిలేటర్లో
నీలం, రవంత పచ్చ.
కాంపౌండరింటి పాత మందు సీసాలు,
వంపు ముక్కలైనా కంకులకు సరిపోయినాయి.
మూసేసిన గుజ్జు ఫ్యాక్టరీ తలుపులో
తోతాపురి కోసినట్టుండే పసుపు.
జుట్టుకే యాడా దొరకలా.
రెండు నెలలు బోడిగుండుతో ఉండింది రూతు.
కడాకు పాకాలలో ఇనప సామాన్ల కన్నియప్పన్
గోనెసంచి అడుగునుంచి తీసిచ్చినాడు
రైలు సిగ్నలు దీపం అద్దాలు రెండు.
మందం. కోస్తే నా చెయ్యే ముందు కోసింది.
రైళ్లను ఆపిన ఎరుపు
ఆమె చెవి ఎనకాల ఆగింది.

ఒకరేయి
కాగితం కింద బల్బు పెట్టి అచ్చు తీస్తా ఉంటే
పైట నీలం అడుగున ఇంకో చెయ్యి బయటపడింది.
పెన్సిలుది. రంగు తాగని చెయ్యి.
కంకుల వైపు చాపింది కాదు.
నడుం మీదికి, ఎనక్కి,
నొప్పి పట్టిన చోట అదిమి పెట్టుకుని ఉంది.

అందంగా లేదనుకున్నాడేమో.
ఎవరన్నా వద్దన్నారేమో.
బొమ్మకు నిలబడిన పిల్ల
గడియసేపు ఒళ్లు విరుచుకున్నప్పటి చెయ్యేమో,
చూసింది చూసినట్టు గీసేసి
తర్వాత సిగ్గుపడి కప్పినాడేమో.
బల్బు వేడికి కాగితం వాసనొచ్చేదాకా
అట్లే చూస్తా కూర్చున్నాను.

సీసం బిగించి, పూటీ పూసి,
శనివారం కిటికీకి ఎక్కించినాము.
పొద్దున ఆరాధనలో నీలం నీలమే.
సాయంత్రం నాలుగున్నరకి ఎండ పక్కవాటుగా పడితే
నడుం కాడ సన్నగా ఐదు గీతలు.

అయ్యగారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"వలీ, గాజు పగిలిందా ఏమి?"
"లేదయ్యగారూ. వజ్రం జారింది."

ఆయన చానాసేపు చూసినాడు.
చూస్తా చూస్తా తన చెయ్యి ఎనక్కి పోనిచ్చి
నడుం మీద పెట్టుకున్నాడు.
కాగితం గొట్టంలో ఈసారన్నా
కలరా ఉండలు వెయ్యమన్నాడు.